ఒక్క నొక్కు

మా ఇంట్లో ప్రపంచంలోని రైళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటీ కంటికి కనపడదు. మంచును చీల్చుకుంటూ పోయే రైలు, పళ్ళచక్రం సాయంతో కొండెక్కే రైలు, ఎడారిలో కనుచూపు మేర సాగే గూడ్సు బండి, ఓడెక్కి సముద్రం దాటే రైలు పెట్టెలు, అన్నీ చప్పుళ్ళుగా మారి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. వేలిగోరంత మెమరీ కార్డులు. ఏ కార్డులో ఏ రైలుందో మా ఆయన చేత్తో తడిమి చెప్పేవారు.

రైళ్ళ పిచ్చిలో చాలా రకాలుంటాయని పెళ్ళయ్యాకే నాకు తెలిసింది. కొందరు ఫొటోలు తీస్తారు. కొందరు ఇంజన్ల నంబర్లు రాసుకుంటారు. కొందరు ఇల్లంతా బొమ్మ పట్టాలు పరిచి భార్య చేత తిట్లు తింటారు. మా ఆయనది చెవి పిచ్చి. రైలును చూడాల్సిన పని లేదు, వింటే చాలు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో "బయల్దేరు, ఊరు తిరిగొద్దాం" అంటే, నేను మంచి బట్టలు కట్టుకుని, తల్లో పువ్వు పెట్టుకుని, ముస్తాబై బయల్దేరాను. తీసుకెళ్ళింది ఎక్కడికయ్యా అంటే ఊరి బయట రైలు గేటు దగ్గరికి. అక్కడ తుప్పల పక్కన నన్ను నిలబెట్టి, వేలు పెదవుల మీద పెట్టుకుని "ఉష్" అన్నారు. అది మొదలు.

నేనేమో నోరు మూసుకుంటే ఊపిరాడని మనిషిని. కుట్టుమిషను ముందు కూర్చుని బట్టలు కుడుతూ, వచ్చినవాళ్ళతో, రానివాళ్ళతో, చివరికి సూదితో కూడా మాట్లాడతాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. వసపిట్ట అనేవారు. ఆయనకూ ఒక పేరుంది. మా వీధి పిల్లలు ఆయన్ని ఉష్ బాబాయ్ అని పిలిచేవాళ్ళు.

ఆయన పని చెవి మిషన్ల దుకాణంలో. వినికిడి తగ్గినవాళ్ళను మెత్తలు కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూత వినపడినప్పుడల్లా వేలెత్తమంటారు. "ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ బాగు చేస్తారు, పెళ్ళాం మాట మాత్రం చెవికెక్కదు" అని దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. సెలవు దొరికితే చాలు, సంచీ సర్దేవారు. ఏ దేశంలో ఏ పాత ఇంజను చివరి రోజుల్లో ఉందో, ఏ లైను మూసేస్తున్నారో, ఆ పిచ్చివాళ్ళందరికీ ఒకరి ద్వారా ఒకరికి తెలిసిపోయేది. ఒక్కోసారి నన్నూ తీసుకెళ్ళేవారు.

ఆ పనికి కొన్ని నియమాలుండేవి. మైకు స్టాండు మీద పెట్టి, రికార్డర్ మీట నొక్కి, కొంచెం దూరంగా వచ్చి నిలబడాలి. ఆ తరవాత తుమ్ము వచ్చినా మింగెయ్యాలి. రైలు వచ్చి వెళ్ళిపోయాక కూడా కదలకూడదు. దాని చప్పుడు దూరంగా పోతూ పోతూ సన్నబడుతుంది. దాన్ని వాళ్ళు తోక అంటారు. తోక పూర్తిగా పోయేదాకా నోరు విప్పకూడదు. "రైలును అందరూ వింటారే. తోకను వినేవాడే మావాడు" అనేవారాయన. మైకు పక్కనుంటే ఊపిరి కూడా బిగబట్టేవారు. మొహం ఎర్రబడిపోయేది. ఇన్ని రైళ్ళలో ఎక్కడా తన జాడ ఉండకూడదని ఆయన పట్టుదల.

గాలి హోరు మైకులో పడకుండా దానికి బొచ్చు తొడుగు వెయ్యాలి. కొన్న తొడుగులేవీ ఆయనకు నచ్చలేదు. ఒకరోజు మా అమ్మాయి ఆడుకునే ఎలుగుబంటి బొమ్మ వైపు అదోలా చూస్తుంటే నాకు అర్థమైపోయింది. పిల్ల బడికి వెళ్ళినప్పుడు ఆ ఎలుగుబంటి తోలు ఒలిచి, మైకుకు తొడుగు కుట్టింది నేనే. పిల్ల ఇంటికొచ్చి ఇల్లెక్కి కూసింది. ఆ తొడుగుతోనే ఆయన సగం ప్రపంచం తిరిగారు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ రికార్డర్లకు ఒక మాయదారి పద్ధతి ఉంది. మీట ఒకసారి నొక్కితే ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. హెడ్‌ఫోన్లలో చప్పుడు వినపడుతుంది, అద్దం మీద చప్పుడు కొలిచే ముల్లు ఊగుతుంది, అంతా జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఏదీ లోపల పడదు. అది సరిచూసుకోవడానికి మాత్రమే. రెండోసారి నొక్కితేనే దీపం నిలకడగా వెలుగుతుంది, అప్పుడే లోపల పడుతుంది. మా ఆయనకు వేరే దేశంలో ఒక గడ్డం స్నేహితుడున్నాడు. ఆయన భాష ఈయనకు రాదు, ఈయన భాష ఆయనకు రాదు, ఒకరికొకరు రైళ్ళు పంపుకుంటారు. ఆ గడ్డం ఆయన ఒకసారి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇంజను కోసం మంచులో పొద్దుటినుంచీ నిలబడి, అది వచ్చాక ఒక్క నొక్కు నొక్కి, ఇంటికెళ్ళి చూసుకుంటే ఖాళీ. అప్పట్నుంచి వాళ్ళందరూ ఆయన్ని ఒక్కనొక్కు గారు అంటారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవారు. "అంతటివాడు, ఒక్క నొక్కు నొక్కి కూర్చున్నాడే!" అని.

ఆయన గొంతు బొంగురుపోయినప్పుడు జలుబనుకున్నాను. మిరియాల కషాయం పెట్టిచ్చాను. తగ్గలేదు. రైలు గేట్ల దగ్గర దుమ్ము అన్నాను, మంచు దేశం గాలి అన్నాను. డాక్టరు గొంతు లోపలికి సన్నటి గొట్టం పంపించి చూసి, బయటికొచ్చి కుర్చీ మాకు దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. స్వరపేటికలో రాచపుండు. అది తీసెయ్యాలి. తీస్తే మనిషి బతుకుతాడు, మాట పోతుంది. మెడ దగ్గర ఒక రంధ్రం పెడతారు, ఊపిరి ఇక అక్కణ్ణుంచే.

"వినపడటానికి ఇబ్బందేం లేదు కదా?" అని మా ఆయన అడిగారు. డాక్టరు లేదన్నాడు. "అయితే సరే" అన్నారీయన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరేనట! తన గొంతు పోతుంటే సరేనట.

ఆసుపత్రిలోనే, మాట పోయినవాళ్ళకు తర్ఫీదు ఇచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. మా అమ్మాయి వయసే ఉంటుంది. ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. "ఆపరేషనుకి ముందు మీ గొంతు రికార్డు చేసి దాచుకోండి అంకుల్. మేం ఇచ్చే వాక్యాలు చదివితే చాలు. తరవాత ఫోన్లో మీరు టైపు చేసింది మీ గొంతుతోనే పలుకుతుంది. అది వద్దనుకుంటే, ఇంట్లోవాళ్ళ కోసం మీకు తోచింది ఏదైనా మాట్లాడి ఉంచండి. చాలామందికి తరవాత అదే ఆసరా."

నా ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? ఇంటినిండా రికార్డర్లు, మైకులు. ఆయనకు వచ్చిన విద్యే అది. ఆ సాయంత్రం నేనే స్టాండు తెచ్చి, మైకు పెట్టి, ఎలుగుబంటి తొడుగు తొడిగి ఆయన ముందు నిలబెట్టాను.

"తీసెయ్" అన్నారు.

"ఏమని తీసెయ్యను?"

"ఈ గొంతు విన్నావా? జల్లెడలా ఉంది. చెడిపోయిన ఇంజను చప్పుడు ఎవరైనా దాచుకుంటారా? బాగున్నప్పుడు చెయ్యాల్సింది. అప్పుడు చెయ్యలేదు. ఇప్పుడు ఈ గరగర దాచిపెట్టుకుని, నా గొంతు ఇదీ అని మీరు వింటుంటే నాకు బాగుండదు."

కాళ్ళావేళ్ళా పడ్డాను. అమ్మాయి వచ్చి ఏడ్చింది. "నాన్నా, గరగరైనా మీ గొంతే కదా" అంది. ఆయన నీళ్ళు నమిలారు, మాట మార్చారు, రేపు చూద్దాం అన్నారు. పాత కార్డులన్నీ వెతికాను. ఎక్కడైనా ఒక్క మాటైనా, ఒక దగ్గైనా పడి ఉండకపోతుందా అని హెడ్‌ఫోన్లు పెట్టుకుని రైలు తరవాత రైలు విన్నాను. ఏ రైలూ ఆయన్ని ఇవ్వలేదు. అంత శుభ్రంగా తనను తాను తుడిచేసుకున్నారు మహానుభావుడు. అమ్మాయి పెళ్ళి వీడియో చూస్తే అందులో కూడా ఈయన మూల నిలబడి, వేలు పెదవుల మీద పెట్టి, మాట్లాడేవాళ్ళను ఉష్ అంటున్నారు.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకు ముందురోజు పొద్దున్నే లేచి సంచీ సర్దుతుంటే, ఆసుపత్రికే అనుకున్నాను. సంచీలోకి రికార్డర్ వెళ్ళింది. కొండ మీదికి వెళ్ళే చిన్న పట్టాల లైను ఆ రోజుతో మూసేస్తున్నారట. పాత ఆవిరి ఇంజను చివరిసారిగా పైకి వెళుతుందట. "మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రానికి ఇంట్లో ఉంటాం" అన్నారు, నా మొహం చూడకుండా.

బస్సులో నేను మాట్లాడలేదు. పళ్ళు నూరుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వసపిట్ట నోరు మూసుకుందంటే మాటలా? ఆయన మాటిమాటికీ నా వైపు చూశారు. ఒకసారి ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. తీసుకోలేదు.

స్టేషను దగ్గర తిరనాళ్ళలా ఉంది. కెమెరాలు, నిచ్చెనలు, ఇంజనుకు పూలదండ, ఏడుస్తున్న పాత ఉద్యోగులు. చెవి పిచ్చివాళ్ళు అక్కడ ఉండరు. మేం పట్టాల వెంట నడిచి, కొండ ఎక్కుడు మొదలయ్యే మలుపు దగ్గరికి వెళ్ళాం. ఇంజను అసలు గొంతు విప్పేది ఎక్కుడు దగ్గరేనని ఆయన చెప్పేవారు. ఎండ బాగా ఉంది. ఆకు కదలడం లేదు. ఆయన స్టాండు నిలబెట్టి, మైకు సరిచేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కారు. దీపం మిణుకుమంది. తల ఊపుకుంటూ ముల్లు చూసుకున్నారు. కింద స్టేషన్లో ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. కీచుమంటూ, దగ్గుతూ, ఎక్కడో పగిలిన గొట్టంలోంచి బుసబుసమంటూ. ఆ ముసలి ఇంజనుకు ఒంట్లో బాగాలేదని నాకు కూడా తెలిసిపోయింది.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి మురిసిపోతూ అన్నారు, "విన్నావా? ఎంత లీకవుతోందో! పాపం, ఈ కొండ ఎక్కుతుందో లేదో."

నాలో ఏదో తెగింది.

"అయితే ఎందుకు రికార్డు చేస్తున్నారు?" అన్నాను. "చెడిపోయిన ఇంజను కదా! జల్లెడలా ఉంది కదా! ఎవరైనా దాచుకుంటారా దీన్ని?"

ఆయన నా వైపు తిరిగారు.

"దీని గరగర మీకు కావాలి. దీని దగ్గు మీకు కావాలి. దీనికోసం రేపు కోత పెట్టుకుని ఇవాళ ఎండలో నిలబడ్డారు. మరి నాకేం మిగులుస్తున్నారు? రేపట్నుంచి నేనేం వినాలి? బిస్కెట్ల డబ్బాలో వెతుక్కోనా మిమ్మల్ని? వెతికాను. లేరు. ఎక్కడా లేరు మీరు!" నా అరుపుకి చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. ఆ మనిషి ఎదుట, మైకు ఎదుట, అంత గొంతు ఎత్తడం అదే మొదలు. ఆయన ఉష్ అనలేదు.

కింద కూత వినపడింది. రైలు బయల్దేరింది.

ఆయన మైకు వైపు చూశారు, నా వైపు చూశారు. తరవాత మైకు దగ్గరికి నడిచి, దాని పక్కనే నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ మాట్లాడారు. నేను ఆయన మొహమే చూశాను గానీ యంత్రం వైపు చూడలేదు.

"ఇదిగో, వసపిట్టా," అన్నారు. గొంతు గీరుకుపోయింది. మింగి మళ్ళీ మొదలుపెట్టారు. "మైకు దగ్గర మాట్లాడటం నాకు చేతకాదు. అయినా చెబుతాను. నీకొక సంగతి దాచాను. నా చెవుల్లో ఎప్పుడూ ఒక ఈల మోగుతుంటుంది. ఇంజను కూతలు పక్కన నిలబడి విని విని వచ్చింది. చాలా ఏళ్ళయింది. దుకాణంలో ఆ మెత్తల గదిలో కూర్చుంటే మరీ ఎక్కువ. చెవులు బాగుచేసేవాడి చెవిలోనే ఈల అంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు."

ఇంజను ఎక్కుడు మొదలుపెట్టింది. ఆయన గొంతు పెంచారు. అంత గొంతు ఆయనకు మిగిలి ఉందని నేననుకోలేదు.

"ఇంటికొస్తాను. నువ్వు మొదలెడతావు. పక్కింటావిడ, దారం రంగు, గుండీలు, ఎవరో జాకెట్టు బిగువైందని తిట్టిపోయారని. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఆ ఈల ఉండదే. ఎలాగో నాకు తెలీదు. ఆగిపోతుంది. బయట నీ నోరు మూయించాను గానీ, ఇంటికెప్పుడెళతామా, నువ్వెప్పుడు మొదలెడతావా అని చూసేవాణ్ణి. రేపట్నుంచి నేను బదులు చెప్పలేను. బదులు రావట్లేదని నువ్వు మాట్లాడటం మానేస్తావేమోనని నా భయం. ఇవాళ బస్సులో మానేశావు చూడు, ఈల భరించలేకపోయాను. మానకు. నేను వింటూనే ఉంటాను. మాట్లాడుతూనే ఉండు."

రైలు మమ్మల్ని దాటింది. నేల అదిరింది, ఆవిరి మా మీద కమ్ముకుంది, జనం కిటికీల్లోంచి చేతులూపారు. ఆయన మాట్లాడటం ఆపి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. కొండ మీదికి ఆ దగ్గు ఎక్కుతూ ఎక్కుతూ, చెట్ల వెనక్కి పోయి, సన్నబడి, ఉందో లేదో తెలీకుండా అయిపోయింది. తోక పోయింది. ఆయన చెయ్యి చాచి ఆపే మీట నొక్కారు.

"ఇది నీది," అంటూ రికార్డర్ నా చేతుల్లో పెట్టారు. "నేను వినను. నా గొంతు నేను వినలేను." తిరుగు ప్రయాణంలో నేను నోరు మూయలేదు. ఆయన కళ్ళు మూసుకుని, సీటుకు తల ఆనించి, నవ్వుతూ విన్నారు. మా పెళ్ళయ్యాక నేను అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి గుర్తులేదు. మర్నాడు కోత అని తెలిసి కూడా.

ఆపరేషను జరుగుతున్నంతసేపు నేనూ అమ్మాయీ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఇప్పుడు వినకపోతే ఎప్పుడు వింటాను అనుకుని సంచీలోంచి రికార్డర్ తీసి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చివరి రికార్డింగు నొక్కితే స్టేషను గంట మోగింది. అది అంతకుముందు నెలది. వెనక్కి వెళ్ళాను, ముందుకు వచ్చాను. అమ్మాయి తీసుకుని వెతికింది. కార్డు తీసి తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఇందులో కొండ రైలే లేదమ్మా," అంది.

అప్పుడు నా కళ్ళముందు ఆ దీపం కనపడింది. మిణుకుమిణుకుమంటూ. ముల్లు సరిచూసుకోవడానికి ఒకసారి నొక్కారు. రెండో నొక్కు కూత వినపడగానే నొక్కాల్సింది. ఆలోపే నేను అరిచాను, ఆయన నా వైపు తిరిగారు. నేను అరవకపోతే రైలు లోపల పడేది, ఆయన మాట్లాడి ఉండేవారు కాదు. అరిచాను కాబట్టి మాట్లాడారు, ఏదీ పడలేదు. ఎటు తిప్పినా నాకు మిగిలేది ఖాళీయే. తలుపు వెనక ఆ గొంతును కోసి తీసేస్తున్నారు. పరిగెత్తుకెళ్ళి ఆ తలుపు బాది, ఆగండి, ఇంకొక్క మాట, ఒక్కటంటే ఒక్కటి ఆయనతో అనిపించుకోనివ్వండి అని అరవాలనిపించింది. అమ్మాయి నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆయన కళ్ళు తెరిచాక అమ్మాయి పలక అందించింది. వంకర అక్షరాలతో మొదట రాసింది ఒకటే మాట. "విన్నావా?"

"విన్నాను," అన్నాను. "ప్రతి మాటా పడింది."

"తోక?" అని రాశారు.

"తోక కూడా. శుభ్రంగా ఉంది." ఆయన మొహంలో గర్వం చూసి తల పక్కకు తిప్పుకున్నాను.

ఇంటికొచ్చాక రికార్డర్‌ను కుట్టుమిషను సొరుగులో, ముక్కల గుడ్డల కింద దాచాను. మైకుకు బొచ్చు తొడుగు కుట్టిన చేత్తోనే మెడ మీది రంధ్రానికి పల్చటి గుడ్డ తొడుగులు కుట్టాను, లేత రంగుల్లో. ఊపిరి ఆ గుడ్డను ఎగరేస్తూ, దించుతూ ఉండేది. సన్నటి చప్పుడు వచ్చేది. దాన్ని బిగబట్టడం ఆయన వల్ల కాలేదు. మొదట్లో సిగ్గుపడి చేత్తో కప్పుకునేవారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పొద్దున లేచింది మొదలు, ఉన్నవీ లేనివీ కల్పించి, గొంతు ఎండిపోయేదాకా. నేను ఆగితే ఆయన చెవిలో ఈల మోగుతుందని నాకు ఇప్పుడు తెలుసు. ఊరికే ఉండే హక్కు నాకు లేదు.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి ముక్కల గుడ్డలన్నీ నేల మీద ఉన్నాయి. ఆయన కుర్చీలో, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పలక తీసుకున్నారు. తిడతారనుకున్నాను. అబద్ధమెందుకు చెప్పావని అడుగుతారనుకున్నాను.

"ఒక్క నొక్కు" అని రాశారు.

తరవాత నవ్వారు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు, మెడ దగ్గర గుడ్డ టపటపమంటోంది. గడ్డం స్నేహితుడి కథ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వే మనిషి నవ్వు, గొంతు తీసేసిన నవ్వు. నేను చూడలేక ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడిపోయాను.

ఆయన నా తల నిమిరి, మైకు తీశారు. ఎలుగుబంటి తొడుగు తొడిగారు. మీట నొక్కారు, నాకు కనపడేలా చూపించి మళ్ళీ నొక్కారు. ఎర్రదీపం నిలకడగా వెలిగింది. మైకు నా నోటి దగ్గర పట్టుకుని, రెండో చెయ్యి తిప్పుతూ, మాట్లాడు, మాట్లాడు అని సైగ చేశారు. కొండ మలుపు దగ్గర ఆయన ఏమన్నారో విన్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే. అది నా నోటితో నేను చెప్పాలి. ఆ మాటలు ఎక్కడో ఒకచోట పడాలి. జీవితమంతా నన్ను ఉష్ అన్న మనిషి, మైకు నా ముందు పట్టుకుని బతిమాలుతున్నారు.

"ఇదిగో, వసపిట్టా," అన్నాను. అంతే. ఆ పైన మాట పెగలలేదు. వరదలా మాట్లాడే నా నోటికి ఆ రోజు ఒక్క ముక్క రాలేదు. వెక్కివెక్కి ఏడ్చాను. ఆపమని చేత్తో సైగ చేశాను. ఆయన ఆపలేదు. మైకు కదలకుండా పట్టుకుని, నా ఏడుపు ఎక్కిళ్ళయి, ఎక్కిళ్ళు సన్నబడి, పూర్తిగా పోయేదాకా, కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నారు. అప్పుడు మీట నొక్కారు. మళ్ళీ చెబుతాను, ఇంకోరోజు స్థిమితంగా చెబుతాను అన్నాను. తల ఊపారు.

ఆ ఇంకోరోజు రాలేదు. పుండు ఊపిరితిత్తుల్లోకి పాకింది. చలి తగ్గకముందే ఆయన వెళ్ళిపోయారు. వెళ్ళిపోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, మాట్లాడుతూనే ఉన్నాను. గుడ్డ ఎగరడం ఎప్పుడు ఆగిందో గమనించలేదు. అమ్మాయి నా భుజం పట్టుకుని ఆపేదాకా నేను గుండీల గురించి చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ రోజు పడింది ఒక్కటే వింటాను. ప్రపంచంలోని రైళ్ళన్నీ డబ్బాలోనే ఉన్నాయి, వాటి జోలికి పోను. ఇందులో మొదట నా మాట ఒకటి, తరవాత నా దిక్కుమాలిన ఏడుపు. దాని వెనక, కొంచెం కుడి వైపున, మెత్తగా, గుడ్డ కదిలే చప్పుడుతో ఆయన ఊపిరి. ఏ రైలులోనూ పడని ఊపిరి. ఇక బిగబట్టడం చేతకాక, నాకోసం అక్కడ పడిపోయింది. నా ఏడుపు ఆగిపోయాక కాసేపు అదొక్కటే ఉంటుంది. పోతుంది, వస్తుంది. ఆ పైన మీట చప్పుడు.

అది అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి, ఆయన కుర్చీ వైపు తిరిగి, ఆ రోజు జరిగినవన్నీ చెబుతాను. మానద్దన్నారు కదా. పక్కింటావిడ సంగతి, దారం సంగతి, అమ్మాయి ఫోను చేసి ఏమందో ఆ సంగతి. చెప్పీ చెప్పీ చివర్లో, వింటున్నారా అని అడుగుతాను. అడక్కూడదని ప్రతిరోజూ అనుకుంటాను, అయినా అడుగుతాను. అడిగాక, ఎక్కడైనా చిన్న చప్పుడు నా వల్ల వినపడకుండా పోతుందేమోనని, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.